నూతిలో చేద, ఇంజన్లో బోల్టు

చిన్నూకి, అమ్మలుకి తాతయ్య ఆశీస్సులు.

నాన్న బండి ఇంజను పక్క మూత బిగిస్తుంటే బోల్టు తల టక్కున ఊడి చేతికొచ్చిందనీ, మిగతా ముక్క లోపలే ఉండిపోయిందనీ రాశారు. "పట్టుకోడానికి తలే లేకపోతే ఎలా తీస్తారు తాతయ్యా? ఇంజనంతా మార్చాలా?" అని అడిగాడు చిన్నూ. అక్కర్లేదు నాన్నా. 30 ఏళ్లు లేత్ మిషన్ దగ్గర పనిచేశాను, ఇలాంటివి ఎన్నో తీశాను.

మా పెరట్లో నుయ్యి ఉండేది. ఒకరోజు నేను తొందరపడి నీళ్లు తోడుతుంటే తాడు జారి ఇత్తడి చేద లోపలికి పోయింది. భయమేసి వెదురుగడతో కెలికాను. నీళ్లు బురదైపోయాయి, చేద ఇంకా కూరుకుపోయింది. మా నాయనమ్మ తిట్టలేదు. "తేటపడనీరా, రేపు చూద్దాం" అంది. మర్నాడు ఎదురింటి మామయ్య చుట్టూ కొక్కేలున్న గాలం తెచ్చాడు. తాడు కట్టి దింపి, అడుగు తగిలాక నెమ్మదిగా తిప్పుతూ పోతే ఒక కొక్కెం చేదకి తగులుకుంది. తాడు బరువెక్కడం నా చేతులకి ఇప్పటికీ గుర్తే.

విరిగిన బోల్టు కూడా నూతిలో పడ్డ చేదే. ముందు కెలక్కూడదు. సందుల్లోకి దిగే పల్చటి నూనె నాలుగు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయాలి. మధ్యమధ్య చిన్న సుత్తితో మెల్లగా తడితే పట్టేసిన చోటు కదిలి, నూనెకి దారి దొరుకుతుంది. మీ బండి ఇంజను అల్యూమినియం, బోల్టు ఉక్కు. వేడి తగిలితే అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. అంటే నుయ్యి కాస్త వెడల్పై చేదని వదులుతుందన్నమాట. ఆ వేడి పెట్టే పని మాత్రం పెద్దవాళ్లదే, అదీ పెట్రోలుకి దూరంగా.

ముక్క కొంచెం పైకి కనిపిస్తుంటే గ్రిప్ ప్లయర్‌తో పట్టుకుని ఎడమకి తిప్పితే చాలు. లోపలికి ఉంటే గాలం వేయాలి. ముక్కకి సరిగ్గా నడిమధ్య సెంటర్ పంచ్‌తో (మొన ఉన్న ఉక్కు కడ్డీ) సుత్తి దెబ్బ వేసి గుంట పెట్టి, 3 మిల్లీమీటర్ల డ్రిల్లుతో రంధ్రం చేసి, అందులో ఎక్స్‌ట్రాక్టర్ దించుతారు. అది కిందికి సన్నబడుతుంది, దాని మరలు తిరగబడి ఉంటాయి. ఎడమకి తిప్పేకొద్దీ లోపలికి దిగి ముక్కని కరుచుకుంటుంది. బోల్టు ఊడేదీ ఎడమకే కదా! కదలకపోతే బలం చేయకూడదు. ఎక్స్‌ట్రాక్టర్ గట్టిదే కానీ గాజులా పుటుక్కుమంటుంది. లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లుకి తెగదు. చేదతో పాటు గాలమూ నూతిలోనే. మళ్లీ నూనె వేసి మళ్లీ ఆగడమే మేలు. నా దగ్గరికొచ్చిన సామాన్లలో ఎక్కువ భాగం మొదట విరిగినందుకు కాదు, ఆ తర్వాతి కంగారుకే పాడయ్యాయి.

ముక్క వచ్చాక చూస్తే లోపలి మరలు పోయాయనుకోండి. నుయ్యి గోడ జారితే ఏం చేసేవాళ్లు? వెడల్పుగా తవ్వి కొత్త ఒరలు దించేవాళ్లు. ఇక్కడా అంతే. 6 మిల్లీమీటర్ల బోల్టుకైతే రంధ్రాన్ని 6.3కి పెంచి, దానికి తగ్గ ట్యాప్‌తో (రంధ్రం లోపల మరలు కోసే పనిముట్టు) కొత్త మర కోస్తారు. ట్యాప్‌ని ఒక చుట్టు ముందుకి, అర చుట్టు వెనక్కి తిప్పుతుంటే రజను తెగి రాలిపోతుంది. తర్వాత స్టీలు తీగని స్ప్రింగులా చుట్టిన హెలికాయిల్‌ని అందులో దించుతారు. అదే మన కొత్త ఒర. లోపలి వైపు మళ్లీ పాత సైజే, పైగా మెత్తటి అల్యూమినియం మర కన్నా గట్టిది.

అసలెందుకు విరిగిందంటారా? 6 మిల్లీమీటర్ల చిన్న బోల్టుకి 10 సెంటీమీటర్ల పానా చివర ఓ 10 కిలోల బలం చాలు. పొడుగు పానా పెడితే అంతకి రెండింతల బలం పడినా చేతికి తెలియదు. ఈసారి పొట్టి పానా వాడమని నాన్నకి చెప్పండి.

ముక్క బయటికొచ్చాక పారేయకండి. కడిగి తుడిచి, ఎండలో స్కేలు పక్కన పెట్టి చూడండి. 6 మిల్లీమీటర్ల మామూలు బోల్టైతే మరల మధ్య సెంటీమీటరుకి 10 గాడులు లెక్కకొస్తాయి. తర్వాత ఒక చివర గాడిలో గుండుసూది మొన పెట్టి, ముక్కని తిప్పుతూ అదే గాడి వెంట నడిపించండి. పది గాడులు కనిపిస్తాయి కానీ సూది ఎక్కడా గట్టు దాటదు. ఎన్ని చుట్లు తిరిగి రెండో చివరికి చేరిందో నాకు రాయండి.

మీ తాతయ్య