మళ్ళీ వాడే రాకెట్ అయ్యే పని కాదా? అపోహలు - వాస్తవాలు

శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది, రాకెట్ ఎగిరే రోజు మా వీధిలో చానామంది మిద్దెక్కి చూస్తారు. అయినా అమెరికా స్పేస్‌ఎక్స్ కంపెనీ మళ్ళీ వాడేలా కడుతున్న పెద్ద రాకెట్ స్టార్‌షిప్ మాటెత్తితే చాలు "అదంతా పబ్లిసిటీ అన్నా, పైకి పోయింది మళ్ళీ నిలువునా వచ్చి దిగేదేంది" అంటా ఉంటారు. రాకెట్ విడిభాగాల వెల్డింగులో పగుళ్ళు చెక్ చేసేది నా పని, తెలిసినంత చెప్తా.

అపోహ: దిగడానికే ఇంధనమంతా అయిపోద్ది.
మోసే బరువు కొంత తగ్గుద్ది, అది నిజమే. కానీ దిగేటప్పటికి ట్యాంకులు దాదాపు ఖాళీ. అదే కంపెనీ రాకెట్ ఫాల్కన్ 9 ఎగిరేటప్పుడు 549 టన్నులు, తొమ్మిది ఇంజిన్లు మండాలి, అదే దాని బూస్టర్, అంటే కింది భాగం, నేల తాకేటప్పుడు ఒక్క ఇంజిన్ సరిపోద్ది. 2015 డిసెంబర్‌లో మొదటిసారి దిగింది, ఇప్పటికి ఒకే బూస్టర్ 30 సార్లకి పైగా ఎగిరింది.

అపోహ: స్టార్‌షిప్ కింద 33 ఇంజిన్లా, పాత సోవియట్ రాకెట్ ఎన్1 గతే పడుద్ది.
ఇది విషయం తెలిసినోళ్ళు అడిగే ప్రశ్న. ఎన్1 కి కింద 30 ఇంజిన్లు, 1969 నుంచి 1972 దాకా నాలుగుసార్లు ఎగరేస్తే నాలుగూ పోయినాయి. అయితే ఆ ఇంజిన్లలో కొన్ని వాల్వులు ఒక్కసారికే పనికొచ్చేవి, మండించి చూస్తే ఇంక ఆ ఇంజిన్ వాడలేరు, అందుకని బ్యాచ్‌లో కొన్నిటిని మండించి చూసి మిగతావి అట్లే బిగించేశారు. అంటే ఎగిరే ఇంజిన్‌ని అంతకుముందు ఎవరూ మండించి చూసిందే లేదు. స్టార్‌షిప్ ఇంజిన్లని విడివిడిగా మండిస్తారు, బిగించినాక ప్యాడ్ మీద అన్నీ కలిపి మండిస్తారు, 2024 అక్టోబర్ 13న అయితే ఎగిరొచ్చిన బూస్టర్‌ని లాంచ్ టవర్‌కున్న ఇనుప చేతులే గాల్లో పట్టుకున్నాయి.

ఆ పట్టుకోవడం నాకెందుకంత ముఖ్యమో చెప్తా. మేం వెల్డింగు మీద ఎర్ర రంగు ద్రవం పూసి, కాసేపాగి శుభ్రంగా తుడిచేసి, తెల్ల డెవలపర్ కొడతాం. పగులుంటే ఆ తెలుపులోంచి తలవెంట్రుకంత ఎర్ర గీత మెల్లగా పైకొస్తాది. కంటికి ఆనని పగులు కూడా దొరుకుతాది. కానీ ఎగిరినాక ఆ వెల్డింగు బంగాళాఖాతంలోనే, ఎంత వేడి తిన్నదో, ఎక్కడ అలిసిపోయిందో మళ్ళీ చూసే వీల్లేదు. తిరిగొచ్చే రాకెట్ అయితే ఆ సాక్ష్యాన్ని ఇంటికి తెస్తాది.

అపోహ: ఇన్ని స్టార్‌షిప్‌లు పేలినాయంటే డిజైనే తప్పు.
మొదట్లో పోయినంత మాత్రాన డిజైన్ తప్పని కాదు. మన ఎస్సెల్వీ-3 రాకెట్ 1979 ఆగస్టు 10న సముద్రంలో పడింది, అదే రకం రాకెట్ 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

ఒక అనుమానం మాత్రం న్యాయమైందే, విమానం మాదిరి గంటల్లో మళ్ళీ ఎగరగలదా అని. మళ్ళీ వాడిన పాత అమెరికా నౌక స్పేస్ షటిల్‌కి వేడిని ఆపే పలకలు దాదాపు 24,000, ప్రతి ప్రయాణం తర్వాత వాటిని చెక్ చేసి బాగుచేసే పనికే నెలలు పట్టేది. స్టార్‌షిప్ పై భాగానికి కూడా వేడి పలకలే అసలు పరీక్ష, అది ఇంకా తేలలేదు.

మనకూ 2024 సెప్టెంబర్‌లో కొత్త రాకెట్ ఎన్‌జీఎల్‌వీకి 8,240 కోట్లు ఆమోదించారు, దాని మొదటి దశ మళ్ళీ వాడేదే. అది దిగిన రోజు ఎర్ర డబ్బా, తెల్ల డబ్బా పట్టుకొని అందరికంటే ముందు దాని వెల్డింగుల దగ్గరికి పోవాలని నా ఆశ.