వెంట వచ్చినాయన చెప్పింది క్లయింట్ మాట కాదు: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ప్రాక్టీసు చేస్తూ, జూనియర్లకూ లా కాలేజీ పిల్లలకూ క్లయింట్‌తో ఎలా మాట్లాడాలో నేర్పుతుంటాను. ఏ బ్యాచ్ వచ్చినా ఇదే వినిపిస్తుంది: "ఆమెకు తెలుగు సరిగ్గా రాదు సార్, వెంట వచ్చినాయన అంతా చెప్పినాడు."

అపోహ: వెంట వచ్చినవాళ్లను అడిగితే చాలు.

వాస్తవం: కేసుల్ని మొదట్లోనే ముంచేది ఇదే. కదిరి వైపు తండా నుంచి ఒకామె మరిదితో వచ్చింది. ఇంట్లో మాట్లాడేది సుగాలి భాష. చనిపోయిన భర్త భూమిలో వాటా వదులుకుంటుందని, కాగితం రాయాలని మరిది చెప్పాడు. జూనియర్ ఏం అడిగినా జవాబు ఆయనదే. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ తలూపుతోంది. జూనియర్ ఫైల్లో 'ఇష్టపూర్వకంగా' అని రాసేసుకున్నాడు.

మరిదిని టీ తాగి రమ్మని పంపి, ఆ కుటుంబంతో సంబంధం లేని, సుగాలి తెలిసిన ఒకామెను కూర్చోబెట్టాం. తాను మిరపకాయలు కోయడానికి గుంటూరు పోయినప్పుడు భూమి పాస్‌బుక్ మరిది పట్టుకుపోయాడని, అడిగితే కొట్టాడని అప్పుడు చెప్పింది. వాటా వదులుకునే ఆలోచనే ఆమెకు లేదు.

అందుకే ముందు క్లయింట్‌తో విడిగా మాట్లాడండి. బంధువులు నొచ్చుకుంటారనుకుంటే "ఎవరొచ్చినా మా పద్ధతి ఇదే" అనండి. మధ్యలో ఒకరు అనువదిస్తున్నా మీ చూపు క్లయింట్ మీదే ఉండాలి. ప్రశ్నలు చిన్నవిగా అడగండి. చివర్లో ఆమెకు ఏం అర్థమైందో ఆమెనే చెప్పమనండి.

భయపడే క్లయింట్లకు ఒక మాట: నేరం చేయడానికో, చట్టవిరుద్ధమైన పనికో సాయం అడిగితే తప్ప, మీరు చెప్పింది మీ అనుమతి లేకుండా లాయరు బయటపెట్టకూడదు. సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 2023లోని సెక్షన్ 132, మాట అనువదించే దుబాసీనీ లాయరు గుమాస్తానూ కూడా ఇదే నియమానికి కట్టిపడేస్తుంది. వెంట వచ్చిన చుట్టం ఇంటికెళ్లి ఏం చెబుతాడో మాత్రం ఎవరూ ఆపలేరు.

అపోహ: తేదీ చెప్పలేకపోతే అబద్ధమే.

వాస్తవం: "పీర్ల పండగ అయిన వారానికి" అన్న మనిషి సరిగ్గానే చెబుతున్నాడు. ఆ పండగ ఏటా దాదాపు 11 రోజులు ముందే వస్తుంది. 2019లో సెప్టెంబరులో వచ్చింది, 2024లో జూలైలో. అప్పుడు శనక్కాయ విత్తుతున్నారా, చేను పూతకొచ్చిందా అని అడిగితే ఏ ఏడాదో తేలుతుంది.

అపోహ: కళ్లలోకి చూడనివాడు దాస్తున్నాడు.

వాస్తవం: ఉత్త పుకారు. పెద్దల ముందు తల దించుకోవడం మన పల్లెల్లో మర్యాద.

అపోహ: ఉచిత న్యాయసహాయానికి ఆదాయ సర్టిఫికెట్ తప్పనిసరి.

వాస్తవం: న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1987, సెక్షన్ 12 ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితి లేదు. న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. తెలుగు కష్టమైతే కన్నడమో, ఉర్దూనో, సుగాలో, మీకు సులువైన భాష ఏదో మొదటే చెప్పండి.