పండక్కి ఊరెళ్లొస్తే దమ్ము పోతుందా?

సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి సోమవారం. పొద్దున ఆరింటికి ఉస్మానియా క్యాంపస్‌లో, ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద ఉన్నాను. ఊరెళ్లే ముందు అక్కడ ఆగకుండా ఎనిమిది నిమిషాలు పరుగెత్తేవాణ్ని. ఆ రోజు నాలుగో నిమిషానికే ఎగశ్వాస వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాను. పది రోజులు మానితే ఐదు వారాల కష్టం మొత్తం పోయిందా! మఫ్లర్ చుట్టుకున్న ఒక పెద్దాయన నన్ను దాటి తాపీగా నడిచి వెళ్లిపోవడం ఆ బాధకు కొసరు.

నేను పాటిస్తున్నది చాలామంది కొత్తవాళ్లు పట్టుకునే తొమ్మిది వారాల పద్ధతే. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ తయారుచేశాడు. వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట. మొదటి వారం ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడక, మళ్లీ పరుగు. ఇలా పెంచుకుంటూ పోతే తొమ్మిదో వారానికి అరగంట ఏకబిగిన పరుగెత్తొచ్చు. నేను ఐదో వారంలో ఉండగా పండగ వచ్చింది, రైలెక్కాం.

ఆ సోమవారం నాకు దమ్ము పోయిందనిపించింది కానీ, అన్నిటికన్నా ముందు పోయేది నీళ్లు. రక్తంలో సగానికి పైగా ఉండేది ప్లాస్మా, అందులో తొంభై శాతం దాకా నీరే. పరుగు మొదలుపెట్టిన కొద్ది రోజులకే మూత్రపిండాలు ఉప్పునీ నీటినీ మునుపటికన్నా కాస్త ఎక్కువగా పట్టి ఉంచుతాయి. దాంతో ప్లాస్మా పెరుగుతుంది, గుండెకు తిరిగొచ్చే రక్తం పెరుగుతుంది, గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తాన్ని తోస్తుంది. మొదటి రెండు మూడు వారాల్లోనే ‘అరే, తేలికైపోయిందే’ అనిపించడానికి ఇదొక పెద్ద కారణం. పరుగు ఆపేస్తే శరీరం ఈ అదనపు నీటిని దాచుకోదు. రెండు మూడు రోజుల్లోనే వదిలించుకోవడం మొదలుపెడుతుంది.

చిన్నప్పుడు మా వీధిలో బోరింగు ఉండేది. వానాకాలంలో నాలుగుసార్లు కొడితే బిందె నిండేది. మే నెలలో నీటిమట్టం పడిపోయాక అదే బిందెకి చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాలి. బోరింగు బాగానే ఉండేది, కింద నీళ్లే తగ్గేవి. సెలవుల తర్వాత నా గుండె పరిస్థితీ అంతే. అదే వేగానికి ఎక్కువసార్లు కొట్టుకుంటుంది, మనకది ఆయాసంగా తెలుస్తుంది.

కండరాల్లో జరిగిన మార్పులు ఇంత తొందరగా చెరిగిపోవు. 1984లో ఎడ్వర్డ్ కాయిల్, ఆయన సహచరులు బాగా సాధన చేసిన ఏడుగురి చేత 84 రోజులు వ్యాయామం మాన్పించి కొలిచారు. శరీరం ఒక నిమిషంలో గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే వీఓటూ మ్యాక్స్ అనే కొలత మొదటి మూడు వారాల్లో 7 శాతం పడిపోయింది. ఎనిమిది వారాలకి 16 శాతం దగ్గర నిలిచిపోయింది. కండరాల్లో ఆక్సిజన్ వాడుకునే ఎంజైములు తగ్గాయి గానీ, రక్తాన్ని చేరవేసే కేశనాళికలు 84 రోజుల తర్వాత కూడా చెక్కుచెదరలేదు. వాళ్లు ఏళ్ల తరబడి కష్టపడ్డవాళ్లు, మన సంపాదన ఇంకా పచ్చిదే. నెలా రెండు నెలలు వదిలేస్తే కొత్తవాళ్ల లాభం దాదాపు మొత్తం పోవచ్చు. పది రోజులకి మాత్రం అంత దిగులు అక్కర్లేదు.

ఒక చిక్కుంది. పరుగు మానడం వేరు, కదలడమే మానడం వేరు. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు ఐదుగుర్ని దాదాపు మూడు వారాలు మంచం దిగకుండా ఉంచితే, వాళ్ల వీఓటూ మ్యాక్స్ పావు వంతుకు పైగా పడిపోయింది. అదే ఐదుగుర్ని ముప్ఫై ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించారు. వయసు తీసుకుపోయినదానికన్నా ఆ మంచం తీసుకుపోయిందే ఎక్కువని తేలింది! పులిహోర, బొబ్బట్లు లాగించి మధ్యాహ్నం మూడు గంటలు పడుకునే అల్లుళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. నేనూ వాళ్లలో ఒకణ్నే.

పరుగెత్తడానికి నేనూ ఒకసారి ప్రయత్నించాను. అత్తగారి ఊరు కాకినాడ దగ్గర. భోగి మర్నాడు చీకటితో లేచి, షూస్ వేసుకుని చెరువుగట్టు దాకా వెళ్లాను. రెండు కుక్కలు వెంటపడ్డాయి. పక్కింటి పెద్దాయన గేటు దగ్గర ఆపి, “ఏమండీ అల్లుడుగారూ, ఎవరన్నా ఏమన్నా అన్నారా? తెల్లారకుండానే ఆ పరుగేంటి?” అన్నారు. మా అత్తగారు నన్నడగలేదు గానీ, “అల్లుడుగారికి ఒంట్లో బాగానే ఉందా?” అని మా ఆవిడని వాకబు చేశారట. దాంతో షూస్ మళ్లీ సంచిలోకి వెళ్లాయి.

నాకప్పుడు తెలియంది ఏమిటంటే, ఉన్నది నిలుపుకోవడానికి చాలా కొంచెం చాలు. 1980ల మొదట్లో రాబర్ట్ హిక్సన్ బృందం కొందరి చేత పది వారాల పాటు వారానికి ఆరు రోజులు, రోజుకు 40 నిమిషాలు గట్టిగా సైకిల్ తొక్కించి, పరుగెత్తించింది. తర్వాత కొందరికి వారానికి రెండు రోజులకే తగ్గించి 15 వారాలు చూస్తే వీఓటూ మ్యాక్స్ నిలిచింది. ఇంకోసారి ఆరు రోజులూ ఉంచి 40 నిమిషాలని 13కి కుదించారు. అప్పుడూ నిలిచింది. మూడోసారి రోజులూ నిమిషాలూ అలాగే ఉంచి, కష్టాన్ని మాత్రం తగ్గించారు. ఈసారి పడిపోయింది.

కొత్తవాడికి ఇది నిజంగా మంచి కబురు. మనకు మెల్లగా జాగింగ్ చేయడమే పెద్ద కష్టం కాబట్టి, విడిగా వేగం పెంచాల్సిన పని లేదు. అరగంటని పావుగంట చేసుకోవచ్చు, మూడు రోజుల్ని రెండు చేసుకోవచ్చు. పరుగు భాగాన్ని మాత్రం పరుగుగానే ఉంచాలి. సాయంత్రం బావమరిదితో కబుర్లాడుతూ గంటసేపు నడవడం మంచిదే కానీ, దీనికి బదులు కాదు. అరిసెల లెక్క కూడా ఇందులో కలపకండి. కిలోమీటరు పరుగుకి కిలో బరువుకి సుమారు ఒక కేలరీ చొప్పున ఖర్చవుతుంది. డెబ్భై కిలోల మనిషి మూడు కిలోమీటర్లు పరుగెత్తితే 210. పండగ పళ్లెం ముందు అదెంత!

సముద్రం దగ్గర ఊరైతే ఇసుకలో పరుగెత్తాలని మనసవుతుంది. మెత్తటి ఇసుకలో పరుగుకి గట్టి నేల మీదకన్నా దాదాపు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుందని బెల్జియం పరిశోధకులు 1998లో కొలిచి చూపారు. కాబట్టి పది నిమిషాలు చాలు, అదీ అలలు తడిపి గట్టిపడ్డ అంచున. మర్నాడు పిక్కలు పట్టేస్తే ఆశ్చర్యపోకూడదు. పిక్కని మడమకి కలిపే టెండాన్, కాలి ఎముకలు గుండె కన్నా చాలా నెమ్మదిగా గట్టిపడతాయి. పది రోజులు మానేసి, వచ్చాక ‘బాకీ’ తీర్చేద్దామని రెట్టింపు పరుగెత్తేవాళ్లకి దెబ్బ తగిలేది అక్కడే. ఆయాసం వారంలో సర్దుకుంటుంది, టెండాన్ వాపు నెలలు తింటుంది.

నేను బాకీ జోలికి పోలేదు. బుధవారం నాలుగో వారం పట్టికలోని మూడు నిమిషాలు, ఐదు నిమిషాల పరుగులకి వెనక్కి దిగాను. మూత్రపిండాలు మళ్లీ నీళ్లు నిలవేయడం మొదలుపెట్టినట్టున్నాయి, శుక్రవారానికే కాస్త తేలికపడింది. ఆ పైవారం ఎనిమిది నిమిషాలూ తిరిగొచ్చాయి.

ఇప్పుడు ఎండాకాలం సెలవులకి విశాఖ అంటున్నారు. ఈసారి రెండు పావుగంటలు ఎలాగైనా కుదుర్చుకోవాలి. అక్కడ చిక్కు వేరు. మన హైదరాబాద్ ఏప్రిల్ ఎండ పొడిగా ఉంటుంది కాబట్టి చెమట ఆరిపోతూ ఒంట్లోని వేడిని తీసుకుపోతుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, కారిపోతుంది. కారిన చెమట చల్లబరచదు. ఆ గాలిలో ఇక్కడి వేగం పట్టుకుని వేలాడకుండా, ఆయాసాన్ని బట్టి వేగం తగ్గించుకోవాలి. ఒళ్లు ఆ వాతావరణానికి అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు కావాలి. మాకు దొరికిన సెలవులు ఆరు.