ఓఆర్‌ఎస్: చిక్కగా కలిపితే బలం కాదు, ముప్పు

"విరేచనాలప్పుడు నీళ్లు పడితే ఇంకా పోతాయి కదండీ, అందుకే ఆపేశాం." వానలు మొదలైతే ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగిళ్లలో ఈ మాట వినని వారం ఉండదు. దానికన్నా ప్రమాదమైన తప్పు ఇంకొకటుంది: విరేచనాలకు నీళ్లలో కలిపి తాగించే ఉప్పు-గ్లూకోజ్ పొడి, అదే ఓఆర్‌ఎస్, లీటరు ప్యాకెట్టంతా ఒక్క గ్లాసులో కలిపి పట్టేయడం. కవరు మీది ఒడియా, హిందీ, ఇంగ్లిషు రాతలు చదవలేని మామ్మగారిని ఏమీ అనలేం. "చిక్కగా ఉంటే బలం" అని ఊరంతా చెప్పి తిరిగేవాళ్లను మాత్రం అనాల్సిందే.

లీటరు ప్యాకెట్టులో పొడి 20.5 గ్రాములు: గ్లూకోజ్ 13.5, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5. లీటరు నీళ్లలో కలిస్తే దాని ఆస్మోలారిటీ, అంటే కరిగినవాటి చిక్కదనం, లీటరుకు 245 మిల్లీఆస్మోల్స్. రక్తానిది 290 దరిదాపు. ద్రావణం రక్తం కన్నా పల్చన కాబట్టి నీరు పేగులోంచి రక్తంలోకి వెళ్తుంది. అదే పొడి 200 మిల్లీలీటర్ల గ్లాసులో పడితే 1225! ఇక నీరు ఎదురు నడుస్తుంది. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే తెల్లారేసరికి ఊట దిగుతుంది చూడండి, పిల్లాడి పేగులోనూ అదే పని. కుండీ మొక్క మొదట్లో గుప్పెడు యూరియా పోస్తే తడి ఉండగానే వాడిపోయేదీ ఇందుకే. విరేచనాలు పెరుగుతాయి, రక్తంలో సోడియం మామూలు హద్దు 145 దాటిపోతుంది, ముదిరితే ఫిట్స్. ఇంట్లోవాళ్లేమో "ఓఆర్‌ఎస్ పడలేదు" అని అదీ మానేస్తారు.

కాచి చల్లార్చిన నీళ్లు లీటరు బాటిల్‌తో కొలిచి గిన్నెలో పోయండి. ప్యాకెట్టు మొత్తం ఒకేసారి కలపండి. ఇవాళ పావు, రేపు పావు లెక్క వద్దు. పొడిలో ఉప్పూ గ్లూకోజూ అన్నిచోట్లా సమంగా ఉండవు. పాలలో, జ్యూస్‌లో కలపొద్దు, పంచదార చేర్చొద్దు. 24 గంటలు దాటితే పారబోయండి. 200 మి.లీ.కి సరిపడే చిన్న ప్యాకెట్లూ ఉన్నాయి, కాబట్టి కవరు మీద అంకె చూడండి. అంకె ఏ భాషవాళ్లకైనా తెలుస్తుంది.

విరేచనమైన ప్రతిసారీ రెండేళ్లలోపు వాళ్లకు 50 నుంచి 100 మి.లీ., పదేళ్లలోపు వాళ్లకు 100 నుంచి 200. కక్కితే 10 నిమిషాలు ఆగి, చెంచా చెంచాగా మళ్లీ మొదలుపెట్టండి. భయపడకండి, కక్కినా కొంత లోపలే ఉంటుంది.

తాగించినా మోషన్లు ఆగలేదని కంగారుపడే తల్లులు చాలామంది. ఓఆర్‌ఎస్ పని మోషన్లు ఆపడం కాదు, పోయిన నీరూ లవణాలూ పూడ్చడం. కలరాలో కూడా గ్లూకోజ్, సోడియం జోడుగా పేగు గోడ దాటే దారి చెడదు, వాటి వెంట నీరూ పోతుంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ రోగులను బతికించింది ఈ దారి నమ్ముకునే. ఓఆర్‌ఎస్‌తోపాటు పిల్లలకు జింక్ 20 మి.గ్రా. (ఆరు నెలల్లోపు 10) రోజూ, 14 రోజులు. మోషన్లు తగ్గగానే ఆపేయకండి.

కళ్లు లోతుకుపోయినా, ఏడ్చినా కన్నీరు రాకపోయినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటున్నా, మత్తుగా పడున్నా, విరేచనంలో రక్తం కనిపించినా ఆసుపత్రికే.

ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, చెంచా అంచుకు సమంగా గీసి. ఉప్పు వేసిన పల్చటి గంజి కూడా మంచిదే. తరవాణి (పులియబెట్టిన గంజి), అదే ఒడియావాళ్ల తొరాణి, బాగున్న రోజుల్లో తాగండి. ఇప్పుడు మాత్రం ఆ పూట వార్చిన గంజి.

మిగతా అపోహలు గబగబా. "గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే బలం": 5 శాతం డెక్స్‌ట్రోజ్ అరలీటరు బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్, ఐదారు చెంచాల పంచదార పాటి. తాగగలిగినవాళ్లకు సూది దేనికి? "షుగర్ ఉంటే ఓఆర్‌ఎస్ తాగకూడదు": గ్లాసులో గ్లూకోజ్ 2.7 గ్రాములే, విరేచనాలప్పుడు తాగొచ్చు. గుండె, కిడ్నీ జబ్బుతో నీళ్లు కొలిచి తాగేవాళ్లు మాత్రం ముందు డాక్టర్ని అడగాలి.