“చెప్తే చేస్తాడండీ” అనే మాటతోనే వచ్చింది చిక్కంతా

నా దగ్గరికి పిల్లల్ని తీసుకొచ్చే తల్లులు తరచూ అనే మాట: “వాడికన్నీ వచ్చండీ, చెప్తే చేస్తాడు.” మరి చెప్పకపోతే? చేతులు కడుక్కోవడానికి కుళాయి తిప్పి, నీళ్ళలో చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడతాడు. పిల్లలకి రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టుగా నేను విన్న అపోహల్లో ఇంటిల్లిపాదినీ ఎక్కువ ఏడిపించేది ఇదే.

అపోహ: పక్కన నిలబడి వరస చెబుతూ ఉంటే కొన్నాళ్ళకి అదే అలవాటవుతుంది.

వాస్తవం: అలవాటయ్యేది మీ గొంతు. “తడుపుకో, సబ్బు రాయి, రుద్దు, కడుక్కో, తుడుచుకో” అని రోజూ అంటుంటే, పిల్లాడి లెక్కలో సబ్బు తర్వాత వచ్చేది రుద్దడం కాదు, అమ్మ కేక. అది వినపడేదాకా ఆగుతాడు. దానికి మనం మొండితనం అని పేరు పెడతాం. మొన్నొక నాలుగేళ్ళ పాప ఇవన్నీ పద్యంలా అప్పజెప్పింది. సింకు దగ్గర నిలబెడితే పొడి చేతులకి సబ్బు రాసుకుని తువ్వాలుకి తుడిచేసింది! వాళ్ళ నాన్నగారి మొహం చూడాలి.

నోటికి వచ్చింది చేతికి రావాలంటే మాట తగ్గించి చెయ్యి పట్టాలి. ఎదురుగా కాదు, వెనకనుంచి. ముందు మణికట్టు, కొన్నాళ్ళకి మోచెయ్యి, తర్వాత ఊరికే వెనక నిలబడితే చాలు. ఇలా చేతిసాయం మెల్లిగా తీసెయ్యొచ్చు, మాటసాయం మానిపించడమే కష్టం.

ఇంకోటి, చివరి పని నుంచి నేర్పండి. మేం బ్యాక్‌వర్డ్ చెయినింగ్ అనేది ఇదే. మొదటినుంచి మొదలుపెడితే సబ్బు దగ్గరికి వచ్చేసరికి స్కూల్ ఆటో హారన్ కొడుతుంది, మిగతాది మీరే గబగబా కానిచ్చేస్తారు. పని పూర్తిచేశానన్న సంతోషం వాడికి ఏనాడూ దక్కదు. అలాకాకుండా అంతా మీరే చేసి, తుడుచుకుని తువ్వాలు దండెం మీద వెయ్యడం వాడికి వదలండి. అది కుదిరాక సబ్బు కడుక్కోవడం, ఆ తర్వాత రుద్దుకోవడం. దొడ్డికెళ్ళినప్పుడూ అంతే: చేతులు కడుక్కోవడం వచ్చాక నిక్కరు పైకి లాక్కోవడం నేర్పండి. ముడ్డి కడుక్కోవడానికి తొందరేం లేదు. ఒక చేత్తో మగ్గు వంచుతూ రెండో చేత్తో కడుక్కోవడం చిన్న పనేం కాదు, చాలామందికి నాలుగైదేళ్ళు దాటితేగానీ కుదరదు. ఆడపిల్లలకి మాత్రం ముందునుంచి వెనక్కే కడగాలి, లేదంటే యూరిన్ ఇన్‌ఫెక్షన్ భయం.

బ్రష్ ముందా, స్నానం ముందా? ఏదైనా ఒకటే, ఇంట్లో అందరూ అదే పాటిస్తే చాలు. దీనికోసం అత్తాకోడళ్ళు పోట్లాడుకోకండి, నా ముందు అసలే వద్దు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. నురగ ఎక్కువొస్తే పళ్ళు శుభ్రమైనట్టు కాదు: మూడేళ్ళలోపు బియ్యపు గింజంత పేస్టు, ఆరేళ్ళదాకా బఠాణీ గింజంత. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా వాళ్ళు తోముకున్నాక మీ చెయ్యి ఒకసారి పడాల్సిందే. మట్టి చేతులకి శానిటైజర్ పనిచెయ్యదు, సబ్బుతో 20 సెకన్లు రుద్దాలి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీలో వేసే ఆల్బెండజోల్ మాత్ర కడుపులో ఉన్న పురుగుల్ని చంపుతుంది, గోళ్ళలో మట్టితో మళ్ళీ వచ్చేవాటిని ఆపదు.

ఇక రాత్రిళ్ళు వీడియోలు చూసి “వరస మర్చిపోతున్నాడు, ఆటిజమేమోనండీ” అని కళ్ళనీళ్ళు పెట్టుకునే తల్లులకి. మూడు నాలుగేళ్ళవాడు సబ్బు మర్చిపోవడం ఆ వయసు లక్షణం. అదొక్కటే చూసి ఎవరూ ఆటిజం అని చెప్పలేరు, ఆ వీడియోవాళ్ళు అసలే చెప్పలేరు. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, కావాల్సింది వేలితో చూపించకపోయినా, వచ్చిన మాటలో వచ్చిన పనులో పోతున్నా ఆలస్యం చెయ్యకుండా పిల్లల డాక్టరుకి చూపించండి. మీ జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రం, ఉంటే అక్కడ ఉచితంగానే చూస్తారు.