పిల్లలు, నీళ్లు: ఈత నేర్పే నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

వైజాగ్‌లో పిల్లలకి ఈత నేర్పిస్తుంటాను. ఎండాకాలం సెలవులొస్తే పొద్దున్న అయిదున్నరకే గేటు దగ్గర స్కూటర్లు లైను కడతాయి. అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని రోజుల్లో వచ్చేస్తుంది సార్?" అనే. సేఫ్టీ గురించి అడిగేవాళ్లు తక్కువ, మాట కదిపితే మాత్రం మాకు తెలుసులెండి అంటారు, ఆ తెలిసినదాంట్లో సగం తప్పు.

అపోహ: మునిగిపోతుంటే అరుస్తారు కదా, మనకి వినపడుతుంది.

వాస్తవం: అరవరు. అరవాలంటే ఊపిరుండాలి, అక్కడ గొడవంతా ఆ ఊపిరి కోసమే. సినిమాల్లోలాగా చెయ్యెత్తి ఊపడం కూడా ఉండదు, చేతులు పక్కలకి చాచి నీళ్లని కిందకి నొక్కుతూ ఉంటారు అంతే. ఇలా మహా అయితే 20 నుంచి 60 సెకన్లు, ఆ తర్వాత మునక.

పోయిన ఏప్రిల్‌లో ఒక ఆరేళ్ల బాబు, లోతు మూడడుగులే. మునివేళ్ల మీద ఎగురుతున్నాడు, తల వెనక్కి వాలిపోయింది, నోరు ఒకసారి నీటి పైకి ఒకసారి కిందకి. జుట్టు కళ్ల మీద పడినా తుడుచుకోవట్లేదు, నాకు డౌటొచ్చింది అక్కడే, ఆడుకునే పిల్లాడైతే ముందు మొహం తుడుచుకుంటాడు. చంకల్లో చేతులేసి లేపితే రెండు సెకన్లు ఏడుపు కూడా రాలేదు. వాళ్ల నాన్నగారు ఎక్కడో లేరండీ, నాలుగడుగుల దూరంలో గట్టు మీద నిలబడి వాడినే వీడియో తీస్తున్నారు. "ఆడుకుంటున్నాడు కదా సార్" అన్నారు. సాయంత్రం ఆ వీడియో మళ్లీ చూసుకుని ఫోన్ చేశారు, గొంతు వణుకుతోంది.

అపోహ: చేతులకి గాలి బుడగలు కట్టాం, ట్యూబ్ వేశాం, ఇంకేం కాదు.

వాస్తవం: అవి ఆటబొమ్మలు. జారిపోతాయి, గాలి దిగిపోతుంది, నడుముకి వేసిన ట్యూబ్ తిరగబడిందంటే తల నీళ్లలోకి, కాళ్లు పైకి. బీచ్‌లో అయితే ఇంకా ఘోరం, ఒడ్డు మీంచి సముద్రం వైపు గాలి వీస్తుంటే ట్యూబ్‌తో పాటు పిల్లాడూ లోపలికే. కొనాలంటే ఒంటికి సరిపడా సైజు లైఫ్ జాకెట్ కొనండి, అది వేసినా చేతికందే దూరంలో మీరుండాలి.

అపోహ: పెద్ద కెరటాలున్న చోట కాదు, నీళ్లు ప్రశాంతంగా ఉన్న చోట దిగితే సేఫ్.

వాస్తవం: ఆర్కే బీచ్‌కి వచ్చేవాళ్లలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. కెరటాలు తెచ్చిపోసిన నీళ్లన్నీ ఏదో ఒక దారిన వెనక్కి పోవాలిగా, ఆ దారినే రిప్ కరెంట్ అంటారు. అక్కడ లోతెక్కువ కాబట్టి కెరటం విరగదు, నురగ ఉండదు, చూడ్డానికి చెరువులా ఉంటుంది. దిగేముందు ఎత్తు మీద నిలబడి అయిదు నిమిషాలు చూడండి, అటూ ఇటూ తెల్లటి నురగ, మధ్యలో ముదురు రంగు పట్టీ కనిపిస్తే అదే. కొన్నిసార్లు సెకనుకి రెండు మీటర్ల దాకా లాగుతుంది, దానికి ఎదురీదడం ఈతలో మెడల్స్ కొట్టినవాళ్ల వల్ల కూడా కాదు. అయితే అది లోపలికి లాగుతుంది కానీ కిందకి లాగదు. కంగారు పడకుండా తేలుతూ చెయ్యెత్తి సాయం అడగాలి, ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా ఈది నురగ ఉన్న చోటు నుంచి వెనక్కి రావాలి. పిల్లాడు కొట్టుకుపోతుంటే ఉత్త చేతులతో దూకకండి, లైఫ్‌గార్డ్‌ని పిలవండి, తేలేదేదైనా విసరండి, మూత బిగించిన ఖాళీ క్యాన్ అయినా సరే.

ఇంకోటి, "మోకాళ్ల లోతే కదా" అంటారు, మీ మోకాలు మూడేళ్ల పాపకి నడుము.

అపోహ: రుషికొండ బీచ్‌కి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు ఉంది కాబట్టి ఎప్పుడైనా దిగొచ్చు.

వాస్తవం: 2020లో వచ్చింది ఆ గుర్తింపు, నీటి శుభ్రత, సదుపాయాలు, భద్రతా ఏర్పాట్లు చూసి ఇస్తారు. ఇవాళ సముద్రం ఎలా ఉందో అది చెప్పదు. ఎర్ర జెండా ఉంటే దిగొద్దు, సగం ఎరుపు సగం పసుపు జెండాలుంటే ఆ రెండిటి మధ్యే లైఫ్‌గార్డ్ కాపలా.

అపోహ: నీళ్లు మింగితే తలకిందులుగా పట్టుకుని పొట్ట నొక్కాలి.

వాస్తవం: దయచేసి వద్దు. కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, టైమూ పోతుంది. ఊపిరి ఆడకపోతే ముందు అయిదుసార్లు నోట్లోకి ఊపిరి ఊదాలి, ఆ తర్వాత ఛాతీ మీద 30 నొక్కులు, రెండు ఊపిర్లు, అలా ఆపకుండా, ఇంకొకరు 108కి ఫోన్. తేరుకున్నాక దగ్గు, ఆయాసం ఉంటే హాస్పిటల్‌కే.

తిని ఈదితే మునిగిపోతారన్నది ఉత్తదే, కాకపోతే నాలుగు ఇడ్లీలు తినొచ్చి పూల్‌లో కక్కితే కడిగేది మేమండీ. స్విమ్ డ్రెస్ నీలం రంగు కొనకండి, నీళ్లలో కలిసిపోతుంది, మెరిసే ఆరెంజ్ తీసుకోండి.

అపోహ: ఇంతమంది పెద్దవాళ్లం ఉన్నాం, ఎవరో ఒకరు చూస్తారు.

వాస్తవం: ఎవరూ చూడరు. మా ఇంట్లో ఒక విజిల్ ఉంది, అది ఎవరి మెడలో ఉంటే వాళ్లదే డ్యూటీ, ఫోన్ తియ్యకూడదు, తినకూడదు, 15 నిమిషాలకి ఇంకొకరు. పోయినసారి భీమిలి వెళ్తే మా బావ డ్యూటీ ఎక్కిన రెండో నిమిషానికే మురీ మిక్చర్ పొట్లం విప్పాడు. మా అక్క ఒక్క మాట కూడా అనకుండా వచ్చి విజిల్ లాక్కుని తన మెడలో వేసుకుంది.