'క' భాషతో ఖాతాలకు కాపలా ఉండదు: సొంత ఎన్‌క్రిప్షన్‌పై అపోహలు - వాస్తవాలు

చిన్నప్పుడు పాలకొల్లులో మా పిల్లలందరికీ 'క' భాష వచ్చు. 'రేపు రా' అనడానికి 'కరేకపు కరా' అనేవాళ్లం. పెద్దవాళ్లకు అర్థం కాదని గట్టి నమ్మకం. రెండోరోజు మా అమ్మమ్మ అదే భాషలో అన్నానికి పిలిచింది.

ఇప్పుడు భీమవరంలో చిన్న వ్యాపారాల సాఫ్ట్‌వేర్లకు సెక్యూరిటీ పరీక్షలు చేస్తున్నాను. ప్రాజెక్టుల సీజన్‌లో ఇంజినీరింగ్ పిల్లలు వచ్చి, "సార్, కొత్త ఎన్‌క్రిప్షన్ అల్గారిదం మేమే రాశాం" అంటారు. అంటే సమాచారాన్ని ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే పద్ధతి. ఆ ఉత్సాహం నాకు చాలా ఇష్టం. అదే కోడ్ రొయ్యల మేత డీలర్ బిల్లింగ్‌లోకో, క్లినిక్ రికార్డుల్లోకో చేరినప్పుడే టెన్షన్.

అపోహ: నా పద్ధతి ఎవరికీ తెలియదు, కాబట్టి ఎవరూ విప్పలేరు.

వాస్తవం: యాప్ ఎవరి ఫోన్‌లో ఉంటే మీ పద్ధతి వాళ్ల చేతిలో ఉన్నట్టే. కోడ్‌ను వెనక్కి విప్పి చదివే టూల్స్ ఉచితంగా దొరుకుతాయి. కీ (తాళంచెవి లాంటి రహస్య విలువ) తప్ప మిగతాదంతా శత్రువుకు తెలిసినా వ్యవస్థ నిలబడాలని గూఢలిపి నిపుణుడు ఆగస్ట్ కెర్కాఫ్స్ 1883లోనే రాశాడు. ప్రయాణాలకు, తలుపులకు ఆనించి వాడే మైఫేర్ క్లాసిక్ కార్డుల్లోని సైఫర్‌ను (ఎన్‌క్రిప్షన్ పద్ధతిని) ఏళ్ల తరబడి రహస్యంగా ఉంచారు. పరిశోధకులు చిప్‌ను పొరలు పొరలుగా గీకి, మైక్రోస్కోప్ కింద చూసి, 2008 నాటికి దాన్ని బయటపెట్టారు. కీ పొడవు 48 బిట్లే.

అపోహ: ఫైలు తెరిస్తే అంతా గజిబిజి. రాసిన నేనే కీ లేకుండా విప్పలేకపోతున్నాను.

వాస్తవం: నా దగ్గరకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఒకే రకం. చిన్న రహస్యపదం తీసుకుని, దాన్నే మళ్లీ మళ్లీ తిప్పుతూ సమాచారంతో ఎక్సార్ చేయడం. ఎక్సార్ అంటే రెండు బైట్ల బిట్లను పోల్చి, తేడా ఉన్నచోట 1, లేనిచోట 0 పెట్టడం; అదే కీతో మళ్లీ చేస్తే అసలు బైటు తిరిగొస్తుంది. ఇంగ్లీషు మీద ఇది బలహీనం, తెలుగు మీదైతే మరీ ఘోరం. ఎందుకో చెబుతాను.

కంప్యూటర్ అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో తెలుగు అచ్చైనా, హల్లైనా, గుణింతపు గుర్తైనా ఒక్కోటి 3 బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ 224. రెండోది 176 లేదా 177. అంటే మూడింట ఒక బైటు ఏమిటో ముందే ఖాయం, ఇంకో బైటుకు రెండే అవకాశాలు. అసలు బైటు తెలిస్తే, గజిబిజి బైటుతో ఎక్సార్ చేయగానే కీ బైటు రాలిపడుతుంది.

రహస్యపదం 8 బైట్లు, ఫైలులో మొదటి పదం 'అమలాపురం' అనుకోండి. అ, మ, ల, దీర్ఘం, ప, కొమ్ము, ర, సున్న: 8 గుర్తులు, 24 బైట్లు. మూడేసి బైట్లు దాటుకుంటూ వెళ్తే, ఈ 24 బైట్లలోనే కీలోని ప్రతి బైటూ సరిగ్గా ఒకసారి ఆ 224 మీదకు వస్తుంది. మొత్తం కీ చేతికొచ్చింది. ఆ పదం 'అమలాపురం' అని ఊహించాల్సిన పని కూడా లేదు, తెలుగులో రాశారని తెలిస్తే చాలు. కాగితం మీద వేసి చూపించినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి!

అపోహ: అయితే రెండుసార్లు చేస్తాం.

వాస్తవం: 4 బైట్ల కీతో ఒకసారి, 6 బైట్ల కీతో ఇంకోసారి ఎక్సార్ చేస్తే, 12 బైట్ల కీతో ఒక్కసారి చేసినట్టే. అక్షరం బదులు అక్షరం పెట్టే పద్ధతిని పదిసార్లు వేసినా చివరికి మిగిలేది ఒక్క మార్పిడే.

అపోహ: చదవలేనివాడు మార్చలేడు.

వాస్తవం: ఇది డబ్బు పోయే అపోహ. '1' అంకె కోడ్ 49, '9' కోడ్ 57. రెండింటికీ తేడా ఒక్క బిట్. ఎక్సార్ ఫైలులో ఆ చోట బిట్ తిప్పితే లక్ష రూపాయల బాకీ తొమ్మిది లక్షలవుతుంది. కీ అక్కర్లేదు. ప్రపంచమంతా వాడే ప్రామాణిక సైఫర్ ఏఈఎస్‌ను కూడా కౌంటర్ మోడ్‌లో (అది పుట్టించే బైట్లతో సమాచారాన్ని ఎక్సార్ చేసే పద్ధతిలో) ఒంటరిగా వాడితే ఇదే గతి. అందుకే మార్పును పట్టుకునే ముద్ర కూడా వేసే ఏఈఎస్-జీసీఎం లాంటివి వాడాలి.

అపోహ: మాది చిన్న కోడ్, కాబట్టి వేగంగా నడుస్తుంది.

వాస్తవం: ఒక ప్రాజెక్టులో ప్రతి బైటునూ మూడంకెల సంఖ్యగా రాశారు. 5 ఎంబీ బిల్లు ఫొటో 15 ఎంబీ అయింది. లంక గ్రామంలో, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న చెరువు గట్టు మీద రైతు దాన్ని ఎలా పంపాలి? పైగా పైథాన్ లూపులో ఒక్కో బైటూ నడుచుకుంటూ పోతోంది. ఏఈఎస్‌కైతే 2010 నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో ప్రత్యేక ఆదేశాలే ఉన్నాయి. ఆ సదుపాయం లేని ఫోన్లకు డేనియల్ బెర్న్‌స్టీన్ 2008లో ఇచ్చిన చాచా20 అనే సైఫర్ ఉంది.

అపోహ: ఏఈఎస్ అందరికీ తెలుసు కాబట్టి పాతబడింది.

వాస్తవం: గట్టు బలం వేసవిలో తెలియదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఏ గట్టు ఎంతో తేలింది. సైఫర్‌కు అలాంటి వరద, ప్రపంచంలోని నిపుణులంతా ఏళ్ల తరబడి చేసే దాడి. 1997లో అమెరికా ప్రమాణాల సంస్థ కొత్త సైఫర్ కోసం పిలుపునిస్తే 15 డిజైన్లు పోటీలో నిలిచాయి. ఒక పెద్ద టెలికాం సంస్థ నుంచి వచ్చిన మాజెంటాలో లోపాలు మొదటి సమావేశంలోనే బయటపడ్డాయి. బెల్జియం వాళ్లిద్దరు, జోన్ డేమన్, విన్సెంట్ రేమన్ చేసిన డిజైన్ 2000లో గెలిచి, 2001లో ఏఈఎస్ పేరుతో ప్రమాణమైంది. ఇప్పటికీ దాన్నే అందరూ గుద్ది చూస్తున్నారు.

ఇక కీ సంగతి. గడియారం సెకన్లను ఆధారం చేసుకుని ర్యాండమ్ (యాదృచ్ఛిక) అంకెలు పుట్టించి కీ తీస్తే, రోజుకు 86,400 అవకాశాలే. ల్యాప్‌టాప్‌కు అది టీ తాగేంత పని కూడా కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే సురక్షిత ర్యాండమ్ వాడండి. లిబ్‌సోడియం లాంటి సిద్ధంగా ఉన్న ఎన్‌క్రిప్షన్ కోడ్ లైబ్రరీ ఉచితం. పాస్‌వర్డులకు, ఊహించి చూసేవాళ్లను నెమ్మదింపజేసే ఆర్గాన్2 పెట్టండి.

'అమలాపురం' లెక్క చూసినవాళ్లలో ఒక ప్రాజెక్టు జట్టు నలుగురు పిల్లలు ప్రాజెక్టు మానలేదు, పేరు మార్చారు. ముందు తమ సైఫర్ రాశారు, తర్వాత దాన్ని తామే విరగ్గొట్టే ప్రోగ్రాం రాశారు. రెండోదానికి వారం పట్టింది. ఆ వారంలో నాకు రోజూ రాత్రి పదింటికి ఫోన్లే.